ఏ కొండ?

అసలు పుట్టినరోజు మంగళవారం.
మాకు మాత్రం గురువారం రాత్రి వచ్చింది.
శుక్రవారమే వర్క్‌షాపు మూస్తారు కాబట్టి
మస్కట్‌లో, మా వాదీ కబీర్‌లో
పంచాంగం అలాగే నడుస్తుంది.

కేకు పెట్టె విప్పితే
ఇందీవర బదులు ఇందిర అని ఉంది.
బేకరీ కుర్రాడిది చిట్టగాంగ్,
నాది తుని,
ఇద్దరికీ సగం సగం వచ్చిన అరబ్బీలో
ఒక వకారం ఎక్కడో జారిపోయింది.
"మూడేళ్ళ పిల్లకి పెద్దమ్మ పేరు" అని నవ్వి
సుభాషిణి చెంచా కొసతో క్రీము సర్దింది.
ఇప్పుడది ఎవరి పేరూ కాదు.

బెలూన్లు ఊదే పని నాది.
పగలంతా లేతు మిషను మీద వంగిన ఊపిరి
పదకొండో బెలూనుకి అయిపోయింది.
ఏసీ గాలికి అవి
ఈ మూల నుంచి ఆ మూలకి
అద్దిల్లు చూడ్డానికొచ్చిన వాళ్ళలా తిరిగాయి.

బర్కా నుంచి తమ్ముడు ఇంకా రాలేదు.
"బస్సు సీబ్ దాటింది" అని గంట నుంచీ అంటున్నాడు.
ఎదురింటి ఉమ్మ్ ఖల్ఫాన్
స్టీలు గిన్నెలో కుంకుమపువ్వు హల్వా పంపింది.
గిన్నె ఉత్తిగా తిరిగి ఇవ్వకూడదని
అత్తగారు అందులో నాలుగు బూరెలు పెట్టారు.
ఆవిడ విజిట్ వీసాకి ఇంకా పంతొమ్మిది రోజులు.
బూరెలు మాత్రం మూడు నెలలకి సరిపడా వండారు.

పొద్దున్నే తలంటు అయింది.
కొత్త పరికిణీ, దిష్టిచుక్క,
దాని మీద మెరిసే అట్ట కిరీటం.
మూడంకె కొవ్వొత్తి వెలిగించాను.
ఊదమ్మా అన్నాను.

ఇందు ఊదలేదు.
మంట కొంచెం వంగింది,
తనూ వంగి చూసింది.
"ఆర్పొద్దు" అంది.

సుభాషిణి ఫోను పట్టుకుని నిలబడే ఉంది,
"ఉఫ్ అను తల్లీ, ఉఫ్..."
నేను బుగ్గలు పూరించి చూపించాను.
పిల్ల రెండు చేతులూ మంటకి అడ్డం పెట్టింది.
"నోటితో దీపం ఊదకూడదని దానికైనా తెలుసు"
అన్నారు అత్తగారు, గెలిచిన గొంతుతో.
ఈ సంగతి మీద మా ఇద్దరికీ
పొద్దుటినుంచీ నడుస్తోంది.

సరే, కూర్చున్నాం.
కేకు చుట్టూ నలుగురం,
ఒక మూడంకె కరగడం చూస్తూ.
ముందు దాని తల పోయింది,
తర్వాత నడుము.
నీలం మైనం కారి ఇందిరలో కలిసింది.
ఈ దేశం వచ్చాక
ఏ పనీ లేకుండా ఇంతసేపు
నేనెప్పుడూ కూర్చోలేదు.

అప్పుడు తలుపు తోసుకుని తమ్ముడు,
చంకలో రిబ్బను కట్టిన పుచ్చకాయ,
వెనకే మెట్ల మీది ఉక్కగాలి.
మంట అటూ ఇటూ చూసి
లేదు.

ఇందు పెదవి వణికింది.
అత్తగారు గబుక్కున ఒళ్ళోకి లాక్కుని
"ఆరిపోలేదమ్మా, కొండెక్కింది" అన్నారు.
మా వైపు అంతే, దీపం ఆరిందని నోటితో అనం.
పుట్టి ముప్పై నాలుగేళ్ళు, ఆ మాట
ఎన్నిసార్లు విన్నానో, ఎన్నిసార్లు అన్నానో,

"ఏ కొండ?" అంది ఇందు.

వంటింటి కిటికీ నిండా కొండే.
చెట్టు లేదు, గడ్డి లేదు,
లేతు కింద రాలే ఇనప రజను రంగు.
నాకది పగలు ఎండ మింగి
రాత్రి కక్కే గోడ, అంతే.
దాని నెత్తిన ఫోను టవరు,
టవరు కొసన ఎర్రదీపం.
"అదిగో!"
పిల్ల వేలు వెంట
ఐదుగురం చూశాం.
అత్తగారు చేతులు జోడించబోయి
పైట సర్దుకున్నారు.

తర్వాత కేకు కోశాం.
మైనం అంటిన ముక్క తమ్ముడికి, ఆలస్యానికి.
దీపానికో ముక్క అని పట్టుబట్టి
కిటికీ గట్టున పెట్టించింది ఇందు.

శుక్రవారమైనా నాకు నాలుగున్నరకే మెలకువ.
కొండ మీద అది ఇంకా వెలుగుతోంది.
కేకు చుట్టూ చీమల బారు.
దులిపి, నేనే తినేశాను.

లేవగానే అడుగుతుంది, ఎవరు తిన్నారని.
వేలు ఎటు చూపించాలో
నాకిప్పుడు తెలుసు.